గాలి వెనక్కి వచ్చే దారి

దీపావళికి ముందు శనివారం. ఉదయం తొమ్మిది దాటినా పెరటి గడ్డి మీద పేరుకున్న తెల్లని మంచు కరగలేదు. మహీధర్ తలకు ఉన్ని టోపీ, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని ఇంటి పక్కగోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎదురుగా, ఇంటిని వెచ్చగా ఉంచడానికి వేసవిలో పెట్టించిన హీట్ పంప్ తాలూకు బయటి యూనిట్ ఇనుప స్టాండు మీద రెండడుగుల ఎత్తున ఉంది. భార్య చాముండేశ్వరి చుడీదార్ మీద కోటు తొడుక్కుని, ఒక చేత్తో నీళ్ళ పైపు, రెండో చేత్తో కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం పట్టుకుని నిలబడింది.

“నీళ్ళు మెల్లిగా వదులు. రేకులు వంగిపోతాయి.”

“మెల్లిగానే వదులుతున్నానుగా. చెయ్యి మొద్దుబారిపోతోంది ఇక్కడ.”

సన్నటి అల్యూమినియం రేకుల మధ్య ఇరుక్కున్న మేపుల్ ఆకులను అతను ఒక్కొక్కటే వేళ్ళతో లాగాడు. కొన్ని పొడిపొడిగా విరిగాయి. వాటిని పాత పెయింటు బ్రష్‌తో పైనుంచి కిందికి దువ్వాడు. ఆ తర్వాత పక్కనున్న దేవదారు కంచె కొమ్మలను కత్తిరించి, యూనిట్ చుట్టూ మనిషి తిరిగేంత చోటు చేశాడు. కరిగిన నీళ్ళు నడిచే దారి మీదికి వచ్చి గడ్డకట్టకుండా గులకరాళ్ళతో చిన్న కాలవ తీశాడు. కెనడాలోని కనాటా అనే ఊళ్ళో టెలికాం ఆఫీసులో పదిహేనేళ్ళుగా ఇంజనీరు అతను. ఏ పని పట్టుకున్నా కాగితం ప్రకారం చేస్తాడు. చేసినదానికి టిక్కు పెట్టుకుంటాడు.

“పక్కింటాయన తన ఏసీ మీద టార్పాలిన్ కప్పేశాడు. మనం కప్పొద్దా?” అని అడిగింది చాముండేశ్వరి.

“అది ఏసీ. దానికి చలికాలం సెలవు. ఇది చలికాలంలోనే పనిచెయ్యాలి. ఆ చల్లటి గాల్లోంచే ఇది వేడి తీసుకునేది.”

“చల్లటి గాల్లో వేడెక్కడుంటుందండీ?”

“ఉంటుంది. ఉందని నమ్ము. కనపడని దేవుణ్ణి నమ్మట్లా?”

ఆమె నవ్వింది. అప్పుడే బేస్‌మెంట్ పక్క తలుపు తీసుకుని ఇషిత బయటికి వచ్చింది. జగిత్యాల దగ్గర పల్లె నుంచి మే నెలలో వచ్చిన అమ్మాయి. ఇక్కడి కాలేజీలో రెండేళ్ళ కోర్సు చదువుతోంది. శని ఆదివారాలు కిరాణా స్టోరులో పని. గుళ్ళో ఎవరో చెబితే వీళ్ళు కింద గది ఇచ్చారు. కాగితాలేమీ రాసుకోలేదు. “మా అమ్మాయిలాంటిదానివి, మనలో మనకు కాగితాలేమిటి” అన్నాడు అప్పుడు మహీధర్.

“నేను పట్టుకోనా అంకుల్?”

“వద్దులేమ్మా, నీ బస్సు పోతుంది. చూశావా, ఈ మిషను మీ జగిత్యాల ఎండను ఇక్కడికి తెచ్చేస్తుంది.”

“ఎండ వద్దంకుల్, కొంచెం ఉక్క తెస్తే చాలు,” అంటూ బ్యాగు భుజానికెక్కించుకుని ఆ అమ్మాయి పరుగెత్తింది. ఆ వెనకే మహీధర్ గొంతు పెంచాడు. “వంట చేసేటప్పుడు కిటికీ తెరవకు! మొన్న తెరిచే ఉంది!”

“ఒక్కరోజే అంకుల్, చేపలు ఏంచిన!”

మహీధర్ లోపలికి వచ్చి ఫిల్టరు మార్చాడు. వేడి ఒకే అంకె మీద పెట్టి దాని జోలికి పోకూడదని చెప్పాడు. కాగితంలో చివరి అంశం చదువుతూనే టిక్కు పెట్టేశాడు. “ఇంట్లో గాలి వచ్చిపోయే వెంట్లకు ఏదీ అడ్డం ఉండకూడదట. అది నీ డిపార్టుమెంటు.” చాముండేశ్వరి గదిగదికీ వెళ్ళి నేలమీది చిన్న వెంట్లను చూసుకుంది. సోఫాను జానెడు జరిపింది, చెప్పుల స్టాండును తీసి ఇవతల పెట్టింది. హాలు నడవలో గోడకున్న పెద్ద జాలీ ఆమె లెక్కలోకి రాలేదు. దాంట్లోంచి ఎప్పుడూ వెచ్చటి గాలి రావడం ఆమె చూడలేదు. పాత ఇంటికి ఉండే ఏదో పాత వస్తువు అనుకుంది.

*

కార్తీకం మొదలైన మంగళవారం చాముండేశ్వరి నాలుగున్నరకే లేచి తలస్నానం చేసింది. ఆమె పూజా మందిరం హాలు నడవలో ఉంది. తూర్పు ముఖంగా పెట్టడానికి ఆ ఇంట్లో మరో గోడ లేదు. కంచు ప్రమిదలో ఆవునెయ్యి పోసి, రెండు వత్తులు కలిపి వెలిగించి కళ్ళు మూసుకుంది. స్తోత్రం సగమైనా కాలేదు, వత్తి కాలిన వాసన వచ్చింది. కళ్ళు తెరిస్తే దీపం లేదు.

మళ్ళీ వెలిగించింది. ఈసారి కళ్ళు మూయలేదు. జ్వాల ఎడమ పక్కకు వంగింది, నిలబడింది, మళ్ళీ వంగింది, ఆరిపోయింది. మొదటిరోజే రెండుసార్లు. అపశకునంలా తోచింది. ఇల్లు వెచ్చబెట్టే పాత ఫర్నేసు ఉన్నప్పుడు ఎప్పుడూ ఇలా లేదు. అది కాసేపు హోరుమని ఆగిపోయేది. ఈ కొత్తది మాత్రం పగలూ రాత్రీ సన్నగా ఊదుతూనే ఉంటుంది.

ఆమె ఒక అగరుబత్తి వెలిగించి మందిరం చుట్టూ తిప్పింది. కుడివైపు పొగ నిటారుగా లేచింది. ఎడమవైపుకు తెచ్చేసరికి దారం పట్టి లాగినట్టు అడ్డంగా సాగి గోడకున్న పెద్ద జాలీలోకి పోయింది. ఇదన్నమాట సంగతి, అనుకుంది. కాగితం ముక్క దగ్గర పెడితే జాలీకి అంటుకుపోయింది. వేడి ఇవ్వదు సరికదా, దీపాన్ని కూడా ఉండనివ్వదు!

రైస్ కుక్కరు వచ్చిన అట్టపెట్టెను విప్పి జాలీ కొలతకు కత్తిరించింది. పాత పసుపుపచ్చ పట్టు జాకెట్టు ముక్క దానికి చుట్టింది. జాలీ మీద ఆనించి నాలుగు అంచులకూ వెడల్పాటి టేపు వేసి, ఎక్కడా సందు లేకుండా బొటనవేలితో గట్టిగా రుద్దింది. గుడ్డ మీద పసుపు కుంకుమలతో చిన్న బొట్టు పెట్టింది. మళ్ళీ దీపం వెలిగించింది.

జ్వాల కదల్లేదు. ఆమె చాలాసేపు చూస్తూ కూర్చుంది.

ఆఫీసుకు బయల్దేరుతూ మహీధర్ మందిరం ముందు ఆగి దణ్ణం పెట్టుకున్నాడు. “కొత్త తెరా? బాగుంది,” అన్నాడు. బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

*

శుక్రవారానికి చలి సున్నాకు పది డిగ్రీల కిందికి దిగింది. సాయంత్రం ఇషిత పైకి వచ్చింది. ఒంటి మీద బయటికి వేసుకునే జాకెట్టు, కాళ్ళకు రెండు జతల సాక్సులు. ముక్కు కొస ఎర్రగా ఉంది.

“ఆంటీ, కింద బాగా చలి పెడుతుంది. రాసుకుందామంటే వేళ్ళు వంగుతలేవు.”

మహీధర్ లేచి గోడ మీది థర్మోస్టాట్ చూశాడు. ఇరవై ఒకటి. “ఇక్కడ బాగానే ఉందిగా?” అంటూ కిందికి వెళ్ళాడు. చాముండేశ్వరి మెట్ల దగ్గరే నిలబడింది. చల్లదనం పాదాలకు తగిలింది. అతను వెంటు దగ్గర చెయ్యి పెట్టి, “వస్తోందిగా గాలి,” అన్నాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి గొళ్ళెం కదిపి చూశాడు.

“వంట చేశావా?”

“పప్పు పెట్టిన అంకుల్.”

“పోపు వాసన పోవడానికి కిటికీ తీసుంటావు. ఒక్కసారి బేస్‌మెంట్ చల్లబడిందంటే మళ్ళీ రెండు రోజులు పడుతుంది వేడెక్కడానికి.”

“తియ్యలేదంకుల్. ఒట్టు.”

“సరే సరే. ఇకనుంచి తియ్యకు.”

శనివారం అతను టార్చి లైటు తీసుకుని బయటి యూనిట్ చుట్టూ తిరిగాడు. ఆకు లేదు, మంచు లేదు. కాసేపు తిరిగి ఆగిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. “కొత్త మిషను. నా చేత్తో శుభ్రం చేశాను. దానికేం కాలేదు,” అన్నాడు లోపలికి వచ్చి. కాఫీ అందిస్తూ చాముండేశ్వరి, “ఆ కిటికీ మొన్న నేను కూడా చూశానండీ, తెరిచే ఉంది,” అంది. ఆమె చూసింది అక్టోబరులో, చేపలు వేయించిన రోజు. ఆ మాట కూడా చెబుదామనుకునేలోపే అతను, “అదీ!” అంటూ కప్పు కింద పెట్టాడు.

ఆదివారం సాయంత్రం, ఇషిత స్టోరు నుంచి వచ్చిన కాసేపటికి, వంటింట్లో మిక్సీ తిరుగుతూ ఆగిపోయింది. లోడు ఎక్కువై బ్రేకరు పడింది, కింద కూడా లైట్లు పోయాయి. మహీధర్ దిగి వెళ్ళి చూస్తే ఇషిత మంచం పక్కన చిన్న కరెంటు హీటరు ఉంది. స్నేహితురాలు తేజశ్రీ దగ్గర అడిగి తెచ్చుకుందట. దాని తీగ పక్కనే మడతపెట్టని దుప్పటి ఉంది.

అతని గొంతు పైదాకా వినిపించింది. “ఇల్లు తగలబెడతావా? చెక్క ఇళ్ళమ్మా ఇవి! అడిగావా నన్ను? కిటికీలు తెరవడం, హీటర్లు పెట్టుకోవడం... సొంత అమ్మాయిలా చూసుకుంటే ఇదా?”

“చలి ఆగలేక పెట్టిన అంకుల్...”

“నెలాఖరుకు వేరే చోటు చూసుకో.”

చాముండేశ్వరి మిక్సీ మూత చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. ఊరంతా పిల్లలు గదులకోసం తిరుగుతున్న రోజులవి. ఒక్కో బేస్‌మెంట్లో ఏడుగురు ఎనిమిదిమంది ఉంటున్నారని గుళ్ళో అందరూ చెప్పుకుంటున్నారు. ఆమె మూతను మళ్ళీ మిక్సీకి బిగించింది.

సోమవారం ఉదయం, ఆఫీసుకు వెళ్ళేముందు, మహీధర్ జగిత్యాలకు ఫోను చేశాడు. ఆ పిల్ల వచ్చిన కొత్తలో తండ్రి కొమరయ్య నంబరు ఇచ్చి, “ఏదున్న నాకు చెప్పుండ్రి సారూ,” అని అడిగి ఉన్నాడు. పెద్దవాడిగా చెప్పడం తన బాధ్యత అనుకున్నాడు మహీధర్. స్పీకరు పెట్టి, టై సవరించుకుంటూ మాట్లాడాడు.

“మాట వినట్లేదండీ. కిటికీలు తెరిచి పెట్టేస్తోంది. చెప్పకుండా హీటరు పెట్టింది, ఇల్లు అంటుకునేదే. నేను ఇంజనీర్నండీ, మిషన్ అంతా చెక్ చేశాకే చెబుతున్నాను.”

“తప్పయింది సారూ. నేను చెప్త సారూ. మీకు తక్లీఫ్ అయింది,” అంది ఒక గొంతు. మూడుసార్లు అదే మాట.

చాముండేశ్వరి ఉప్మాలో గరిటె తిప్పుతోంది. ఆ మనిషి ఎక్కడ నిలబడి ఆ మాటలు అంటున్నాడో, పక్కన ఎవరున్నారో అని ఒక్క క్షణం అనిపించింది. ఉప్మా అడుగంటుతుంటే స్టవ్ తగ్గించింది.

*

బుధవారానికి పైన కూడా చల్లబడింది. థర్మోస్టాట్ మీద, హీట్ పంప్ ఒక్కటీ చాలనప్పుడు తోడయ్యే అదనపు వేడి పనిచేస్తున్నట్టు గుర్తు వెలిగి, ఇక ఆరడం లేదు. “వారంటీ ఉంది, వాళ్ళే చూస్తారు,” అని మహీధర్ కంపెనీకి చెప్పాడు. గురువారం పది గంటలకు మెకానిక్ వచ్చాడు. లూక్ అని పేరు. పెద్దాయన, నెరిసిన గడ్డం. తలుపు దగ్గర చాముండేశ్వరి పాదాల వైపు చూసి, ఎవరూ చెప్పకుండానే బరువైన బూట్లు విప్పాడు.

ఆయన అడిగేవి ఆమెకు సగమే అర్థమయ్యాయి. ఎప్పటినుంచి? ఎన్నిసార్లు ఆగుతోంది? ఏ గదిలో ముందు? మహీధర్ మీటింగులో ఉండి ఫోను ఎత్తలేదు. ఇక తప్పక మెట్ల మీదినుంచి, “ఇషితా, ఒకసారి రామ్మా,” అని పిలిచింది. ఆదివారం తర్వాత ఆ పిల్లను పిలవడం అదే మొదలు.

ఇషిత వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. లూక్ బయటి యూనిట్ చూసి, “చాలా శుభ్రంగా ఉంచారు,” అన్నాడు. కింద ఫిల్టరు తీసి లైటుకు అడ్డం పెట్టి చూసి, తలూపి మళ్ళీ పెట్టేశాడు. గాలి పోయే రేకు గొట్టం మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. గొట్టానికి చిన్న కన్నం చేసి, సన్నటి గొట్టంతో ఏదో కొలిచి, ఆ అంకె చూసి ఈల వేశాడు. తర్వాత ఇషితను ఏదో అడిగాడు.

“ఇంట్లో గాలి వెనక్కి వచ్చే దారి ఎక్కడుందంటున్నడు ఆంటీ.”

“అదేమిటి? నాకు తెలీదే.”

ఆయనే వెతుక్కుంటూ పైకి వచ్చాడు. నడవలో మందిరం దగ్గర ఆగాడు. పసుపుపచ్చ గుడ్డ మధ్యలో లోపలికి గుంట పడి ఉంది, వెనకనుంచి ఎవరో నోటితో పీలుస్తున్నట్టు. లూక్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గుడ్డ మీది కుంకుమ చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఇది దేవుడికి సంబంధించిందా, ముట్టుకోవచ్చా అని అడుగుతున్నడు,” అంది ఇషిత.

చాముండేశ్వరి తలూపింది. ఆయన టేపును ఒక మూలనుంచి జాగ్రత్తగా, రంగు ఊడకుండా వలిచాడు. చివరి అంచు వదలగానే ఇల్లంతా ఒక పెద్ద నిట్టూర్పు లాంటి చప్పుడు అయింది. నేలమీది వెంటు పక్కన వేలాడుతున్న కర్టెను అంచు లేచి ఆడింది.

లూక్ చెబుతుంటే ఇషిత ఒక్కో ముక్కే తెలుగులోకి మార్చింది. “మిషిను ఇంట్లో గాలిని ఇక్కడినుంచి గుంజుకుని, ఏడి చేసి, మల్ల పంపుతదంట. ఇది మూస్తే దానికి గాలి సరిపోదు. లోపల మస్తు ఏడెక్కి తనంతట తనే ఆగిపోతదంట. ఇగ అన్నిటికన్న కిందిది, దూరంది...” ఇషిత ఆగింది. “కింద రూముకు అసలే అందదంట.”

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు ఆ పిల్ల చాముండేశ్వరి ముఖంలోకి చూడలేదు. లూక్ చేతిలో ఉన్న అట్టముక్కను చూసింది.

లూక్ కాగితం రాసిచ్చి, దీపానికి అడ్డంగా ఒక గాజు చిమ్నీ పెట్టుకొమ్మని చేతులతో చూపించి వెళ్ళాడు. అప్పుడు మోగింది ఫోను.

“మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వచ్చాడా? ఏమన్నాడు?”

“ఆ... వచ్చాడు. ఏదో గాలి అడ్డం పడిందట. ఫిల్టరో ఏదో. సరిచేశాడు.”

“ఫిల్టరా? కొత్తది వేశానే! సరేలే, పనిచేస్తోందిగా?”

“చేస్తోంది.”

ఫోను పెట్టి తలెత్తేసరికి ఇషిత మెట్లు దిగుతోంది. అడుగుల చప్పుడు కాలేదు. రెండు జతల సాక్సులు ఇంకా వేసుకునే ఉంది.

*

మర్నాడు చాముండేశ్వరి దీపం వెలిగించి గాజు చిమ్నీ దించింది. జ్వాల నిలిచింది. ఆమె మనసే నిలవలేదు. స్తోత్రం రెండుసార్లు తప్పిపోయి మొదటికి వచ్చింది. దేవుడి కోసమే కదా మూసింది, అనుకుంది. దాని ఫలం ఎవరి మీద పడిందో దేవుడికి తెలియకుండా ఉంటుందా? తెలిసీ ఆ జ్వాలను అంత నిటారుగా ఎందుకు నిలిపాడు? తాను సంతోషించి చూస్తూ కూర్చున్న ఆ పది రోజులూ కింద ఒక పిల్ల వేళ్ళు వంగక కూర్చుంది. అడిగితే జవాబు చెప్పేవాళ్ళు లేరు. నైవేద్యం పెట్టిన పులిహోర గిన్నెలో వేసుకుని కిందికి వెళ్ళింది.

గది వెచ్చగా ఉంది. ఇషిత పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది.

“ఎందుకమ్మా సర్దడం? నువ్వు వెళ్ళక్కర్లేదు. నేను అంకుల్‌కి చెబుతాను.”

“రూము గురించి కాదు ఆంటీ.” ఇషిత ఒక పుస్తకం తీసి మళ్ళీ అక్కడే పెట్టింది. “బాపు సెమిస్టర్ అయిపోంగనే వచ్చెయ్యమన్నడు. టికెట్ చూసుకొమ్మన్నడు.”

“వచ్చెయ్యమన్నారా? చదువు?”

“పరాయి దేశంల పెద్దోళ్ళ మాట ఇననిదానివి ఏం చదువుతవు అన్నడు. నేను కిటికి తియ్యలేదంటే, అంత పెద్ద ఇంజనీర్ సారుకు అబద్ధం ఆడే పనేంది అన్నడు. సోమవారం నుంచి నాతోని మాట్లాడ్తలేడు. ఫోను అమ్మనే ఎత్తుతుంది.” ఇంతసేపూ మామూలుగానే మాట్లాడిన పిల్ల పెట్టె మూత వేసి, మళ్ళీ తెరిచింది. “నేను చెప్తే ఇనడు ఆంటీ.”

నిన్న ఫోనులో మీరు చెప్పారుగా ఫిల్టరని, అని ఆ పిల్ల అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది చాముండేశ్వరికి. పులిహోర గిన్నె బల్ల మీద పెట్టి పైకి వచ్చేసింది.

ఆ సాయంత్రం మహీధర్ భోజనానికి కూర్చోగానే, కంచంలో చారు పోస్తూ, ఉన్నదున్నట్టు చెప్పింది. అట్ట, గుడ్డ, టేపు, లూక్ అడిగింది, తాను ఫోనులో దాచింది. మెకానిక్ ఇచ్చిన కాగితం తెచ్చి కంచం పక్కన పెట్టింది. అతను చదివాడు. రెండోసారి చదివాడు.

“రోజూ దాని ముందే దణ్ణం పెట్టుకుని వెళ్ళానే,” అన్నాడు చివరికి. కొంచెం నవ్వాడు. “నీ పూజలు కాదుగానీ... సరే. అమ్మాయిని ఉండమను. అయిపోయింది కదా.”

“వాళ్ళ నాన్నకి ఫోను చెయ్యండి.”

“ఏమని?”

“అమ్మాయి తప్పు లేదని.”

“చాముండీ, ఇంజనీర్నని చెప్పి మాట్లాడిన వాణ్ణి, ఇప్పుడు మా ఆవిడ జాలీకి గుడ్డ కట్టింది, నేను చూసుకోలేదని చెప్పనా? హీటరు పెట్టిన మాట నిజమేగా? ఆయన ఈపాటికి మర్చిపోయుంటాడు.”

“మర్చిపోలేదు. పిల్లను వచ్చెయ్యమన్నాడు.”

అతను చారన్నం కలిపాడు. చాలాసేపు కలిపాడు. “చూద్దాంలే, ఆదివారం,” అన్నాడు. ఆ ‘చూద్దాంలే’ ఏమిటో ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆమెకు బాగా తెలుసు.

*

శనివారం ఉదయం ఎనిమిదింటికి ఆమె కిందికి వెళ్ళింది. ఇషిత స్టోరుకు వెళ్ళడానికి జడ వేసుకుంటోంది.

“మీ నాన్నగారికి ఫోను కలుపు. నేను మాట్లాడతాను.”

ఇషిత దువ్వెన పట్టుకుని అలాగే చూసింది. తర్వాత కలిపి, స్పీకరు పెట్టి, ఫోను ఆమె చేతికిచ్చింది. అక్కడ సాయంత్రం. ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“కొమరయ్యగారా? నేనండీ, కెనడా నుంచి, ఇషిత ఉండే ఇంటావిణ్ణి.”

చప్పుడు ఆగింది. “నమస్తే అమ్మా. పిల్ల మల్లేమన్న చేసిందా?”

“లేదండీ. అసలేమీ చెయ్యలేదని చెప్పడానికే చేశాను. ఇంట్లో చలికి కారణం నేను. కిటికీ కాదు.”

“అయ్యో, మీరు పెద్దోళ్ళమ్మా. పిల్ల మీద పాయిరంతోటి, ప్రేమతోటి గట్లంటున్నరు.”

“కాదండీ, నిజంగానే నా తప్పు.”

“సారు అన్ని చూసే చెప్పిండు గదమ్మా. మీది దొడ్డ మనసు. దాన్ని ఎనకేసుకు రాకుండ్రి, ఇంక మొండిదైతది.”

“ఇప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టుకుని వచ్చి చెబుతున్నానండీ...”

“అందుకే అంటున్నమ్మా. దేవుని అసొంటోళ్ళు మీరు. పరాయి పిల్ల తప్పు నెత్తి మీద ఏస్కుంటున్నరు.”

చాముండేశ్వరి ఫోను వైపు చూసింది. ఎంత గట్టిగా చెబితే అంత మంచిదానిగా మారిపోతోంది తాను. నిజం చెప్పడం ఇంత కష్టమని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. అబద్ధం చెప్పిన రోజున ఒక్క ముక్కతో అయిపోయింది.

“బాపు మోటర్లు బాగుచేస్తడు ఆంటీ,” అంది ఇషిత మెల్లగా. “వైండింగ్ షాపు. మిషిన్ సంగతి చెప్పుండ్రి.”

ఆమె మంచం అంచున కూర్చుంది. మొదటినుంచి మొదలుపెట్టింది. “మా ఇంట్లో కొత్త మిషను పెట్టారండీ. అది ఇంట్లో గాలిని ఒక పక్కనుంచి లాక్కుంటుంది, వేడి చేసి ఇంకో పక్కనుంచి గదులకు పంపుతుంది. దీపం ఆరిపోతోందని నేను అట్ట కత్తిరించి గాలి దారికి అడ్డం పెట్టాను. నాలుగు వైపులా టేపు వేశాను.”

అవతల చేతిలోని ఇనుప పనిముట్టు కింద పెట్టిన చప్పుడయింది.

“గుంజుకునే దిక్కా, ఇడిసే దిక్కా?”

“లాక్కునే వైపు.”

“మొత్తం మూసిండ్రా? సందు లేకుంటనా?”

“వేలు దూరే సందు కూడా లేదు.”

“మరి మోటరు? నడుస్తు నడుస్తు ఏడెక్కి బందయితుండెనా?”

“అవునండీ. ఆగడం, మళ్ళీ మొదలవడం. మెకానిక్ వచ్చి అట్ట తీశాడు. ఆ రోజునుంచి ఆగలేదు. కింద గది వెచ్చగా ఉంది.”

కొమరయ్య గొంతు మారింది. వినయం పోయి, పని చేసుకునే మనిషి గొంతు వచ్చింది. “గట్లయితే... గది కిటికి తీసుట్ల అయ్యేది కాదమ్మా.”

“కాదు.”

“కిటికి తీస్తే రూము సల్లగయితది. మోటరు ఆగది.”

“అవును.”

“మరి సారుకు ఎరుకైందా?”

“నిన్న చెప్పాను.”

“మరి సారు...” అని అతను ఆగాడు. ఆ ఖాళీలో ఉన్నదేమిటో ఇద్దరికీ తెలిసింది. దూరంగా మోటారు సైకిలొకటి హారను కొట్టుకుంటూ పోయింది.

“పిల్లకియ్యుండ్రి,” అన్నాడు.

ఇషిత స్పీకరు తీసేసి ఫోను చెవికి ఆనించుకుంది. గోడ వైపు తిరిగింది. “ఊ... ఊ... తిన్న... లేదు బాపూ... ఊ.” తర్వాత చాలాసేపు వింటూనే ఉంది. చేత్తో ముక్కు తుడుచుకుంది. “మోటరు ఎన్ని హెచ్‌పీనో నాకేం ఎరుక బాపూ, అడిగి చెప్త,” అంది. అప్పుడు ఆ పిల్ల నవ్వుతోందో ఏడుస్తోందో వెనకనుంచి చాముండేశ్వరికి తెలియలేదు.

ఫోను పెట్టి ఇటు తిరిగింది. “టికెట్ వద్దన్నడు ఆంటీ. చదువుకొమ్మన్నడు.”

“హమ్మయ్య. ఇక ఆ పెట్టెలు విప్పెయ్. అంకుల్ కూడా ఉండమన్నారు.”

ఇషిత మంచం మీది దుప్పటి తీసి దులిపింది. “నెలాఖరుకు తేజశ్రీ వాళ్ళ రూముకు పోత ఆంటీ. మాట్లాడుకున్న.”

“ఆ అమ్మాయిదా? ఒక్క గదేగా వాళ్ళది?”

“ముగ్గురమైతం.”

“ఇక్కడ ఇప్పుడు వెచ్చగా ఉందిగా ఇషితా.”

“ఉంది ఆంటీ.” ఆ పిల్ల గొంతులో కోపం లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. “రేపు ఇంకోటేదో చెడిపోతది. అప్పుడు గూడ ముందు కిందికే వస్తరు.”

అలా జరగదమ్మా అనబోయింది చాముండేశ్వరి. పైన నడవలో మహీధర్ నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆ మాట ఇవ్వడం తన ఒక్కదానివల్ల అయ్యేది కాదని తెలిసి ఊరుకుంది.

దుప్పటి పెద్దది, ఇషిత చేతులకు అందడం లేదు. చాముండేశ్వరి లేచి రెండో అంచు పట్టుకుంది. ఇద్దరూ దగ్గరికి నడిచి మూలకు మూల కలిపారు. మళ్ళీ వెనక్కి జరిగి, మిగిలిన మడత బిగించారు.